అమ్మ పట్టుకున్న పుస్తకం

(ముదినేపల్లిలో, కొత్తగా చదువు నేర్చిన మహిళల సమావేశంలో, రిటైరైన జంతుశాస్త్రం లెక్చరర్ ఒకామె చేసిన ప్రసంగం ఇది.)

అమ్మలారా! అక్కలారా! చెల్లెమ్మలారా!

పొద్దుటి నుంచి కలుపు తీసి వచ్చారు. ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించారు. పిల్లలకు ఇంత పెట్టారు. ఆ తర్వాత ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. మీ టైము ఎంత విలువైనదో నాకు తెలుసు. అందుకని పెద్ద పెద్ద మాటలు చెప్పను. ఒక అమ్మాయి కథ చెబుతాను. ఆ అమ్మాయి డాక్టరు చదువు కోసం ఎలా కష్టపడిందో చెబుతాను. ఆమె తల్లి ఏం చేసిందో చెబుతాను. ఆ తల్లి కూడా మీలాగే పెద్దయ్యాక అక్షరాలు దిద్దిన మనిషి.

నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. ప్రతి ఏడూ కొందరు ఆడపిల్లలు "మేడం, నేను డాక్టర్ని అవుతాను" అనేవాళ్ళు. వాళ్ళ తల్లులు కూడా వచ్చేవాళ్ళు. తల్లులందరిదీ ఒకటే మాట. "మాకు చదువు రాదండీ. ఫీజు కట్టడం తప్ప మేమేం చెయ్యగలం?" అనేవాళ్ళు.

ఆ మాట నిజం కాదు. అది చెప్పడానికే ఇవాళ వచ్చాను.

డాక్టరు సీటు ఎలా వస్తుంది?

ముందు ఈ సంగతి తెలుసుకుందాం. పదో తరగతి అయ్యాక ఇంటర్‌లో బైపీసీ చదవాలి. ఆ తర్వాత ప్రవేశ పరీక్ష రాయాలి. మన రాష్ట్రంలో 2016 దాకా డాక్టరు సీటుకి ఎంసెట్ ఉండేది. 2017 నుంచి దేశం మొత్తానికీ ఉన్న నీట్ పరీక్షే మనకూ వచ్చింది.

నీట్‌లో 180 ప్రశ్నలు ఉంటాయి. మొత్తం 720 మార్కులు. టైము మూడు గంటలు. సగం ప్రశ్నలు, అంటే 90, జీవశాస్త్రంలో వస్తాయి. భౌతికశాస్త్రంలో 45, రసాయనశాస్త్రంలో 45 వస్తాయి. ఒక జవాబు సరిగ్గా పెడితే నాలుగు మార్కులు. తప్పు పెడితే చేతిలో ఉన్న దాంట్లోంచి ఒక మార్కు పోతుంది. ఈ పరీక్షను తెలుగులో కూడా రాయవచ్చు.

ర్యాంకును బట్టి సీటు ఇస్తారు. మన రాష్ట్రంలో ఆ సీట్లు పంచేది విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం. దాన్ని 1986లో పెట్టారు. కాబట్టి ఎవరైనా వచ్చి "ఇంత ఇవ్వండి, సీటు ఇప్పిస్తాను" అంటే నమ్మకండి. ఆ డబ్బు నీళ్ళపాలే.

సీటు వస్తే నాలుగున్నర ఏళ్ళు చదవాలి. ఆ పైన ఒక ఏడు ఆసుపత్రిలో పని నేర్చుకోవాలి. మొత్తం ఐదున్నర ఏళ్ళు. ఒకప్పుడు మన వైపు పిల్లలు ఈ చదువు కోసం దూరం పోవలసి వచ్చేది. 2023లో బందరులోనూ, ఏలూరులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. ఒక్కోదానిలో 150 సీట్లతో మొదలుపెట్టారు. చదువు మన గడప దగ్గరికి వచ్చింది. గడప దాటే పిల్లలు మన ఇళ్ళలో ఉండాలి.

మొదటి ఏడు ఏం జరిగింది?

ఇక అమ్మాయి కథ. పేరు చెప్పను. పాప అంటాను. వాళ్ళది ఈ చుట్టుపక్కల ఊరే. తండ్రి చేపల చెరువు మీద కాపలా. తల్లి నాట్లకీ, కలుపుకీ పోతుంది. మినుము పీకే రోజుల్లో మినుము పీకుతుంది. పాప పదో తరగతి దాకా ఊళ్ళో బడిలోనే చదివింది. మంచి మార్కులు వచ్చాయి.

ఇంటర్‌కి పట్నంలో ఒక కాలేజీ హాస్టల్లో వేశారు. తల్లి చెవుల కమ్మలు బ్యాంకులో పెట్టింది. అక్కడ తెల్లవారుజామున నాలుగింటికి లేపేవాళ్ళు. రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టేవాళ్ళు. పిల్ల ఆ పైన ఇంకో గంట దుప్పటి కింద చదివేది. సరిగ్గా తినేది కాదు. అమ్మకు చెబితే బాధపడుతుందని ఫోన్లో "బాగానే ఉన్నానమ్మా" అనేది.

మే నెలలో పరీక్ష వచ్చింది. నీట్ మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా జరుగుతుంది. మండే ఎండ. పాపకు రాత్రిపూట మేలుకుని చదవడం అలవాటు. మధ్యాహ్నం కళ్ళు మూతలు పడ్డాయి. తెలిసిన ప్రశ్నలే కళ్ళ ముందు తేలిపోయాయి. సీటు రాలేదు.

ఇంటికి వచ్చి మంచం పట్టింది. అన్నం ముట్టదు. ఎవరితోనూ మాట్లాడదు. "అమ్మా, నీ కమ్మలు పోగొట్టాను" అని ఒకటే ఏడుపు. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి, "ఎందుకొచ్చిన చదువులు? సంబంధం చూడండి" అన్నారు.

ఆ రాత్రి తల్లి నిద్రపోలేదు. పిల్ల పక్కనే చాప వేసుకుని కూర్చుంది. తెల్లవారాక పిల్లతో ఒకటే మాట అంది. "కమ్మలు బ్యాంకులో ఉన్నాయి. అవి ఎక్కడికీ పోవు. నువ్వు పోతే నాకు ఎవరిస్తారే?"

అమ్మలారా, ఈ మాట గుర్తుపెట్టుకోండి. పరీక్ష పోయిన రోజున బిడ్డకు ముందుగా కావలసింది ఈ మాటే. నీట్ మళ్ళీ రాయవచ్చు. బిడ్డ మళ్ళీ రాదు. పిల్ల గది తలుపు వేసుకుని ఉంటోందా? చచ్చిపోతాననే మాటలు అంటోందా? ఒంటరిగా వదలకండి. 14416 అనే నంబరుకు ఫోను చేయండి. అది ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు. డబ్బులు పడవు. పగలూ రాత్రీ పలుకుతారు. తెలుగులో మాట్లాడవచ్చు.

తరువాత తల్లి పిల్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళింది. రక్త పరీక్ష చేశారు. ఆ వయసు ఆడపిల్లకు హెమోగ్లోబిన్ 12 ఉండాలి. పాపకు 9 ఉంది. రక్తం తక్కువైతే నీరసం వస్తుంది. చదివింది బుర్రకు ఎక్కదు. "మొద్దు పిల్ల" అని మనం తిడతాం. తిట్టడం కాదు, రక్తం చూపించాలి.

తప్పుల పుస్తకం

ఆ తరువాతే వాళ్ళిద్దరూ నా దగ్గరికి వచ్చారు. పాప పరీక్షలో పెట్టిన జవాబులన్నీ ముందు వేసుకుని చూశాం. 38 తప్పులు ఉన్నాయి. అందులో 18 పాపకు నిజంగానే తెలియవు. మిగతా 20 తెలిసినవే. తొందరలో తప్పు పెట్టింది.

మీకు లెక్కలు వచ్చు కదా. వేయండి. తెలిసిన జవాబు తప్పు పెడితే ఎంత నష్టం? రావలసిన నాలుగు మార్కులు రావు. ఉన్న మార్కు ఒకటి పోతుంది. మొత్తం ఐదు. ఇరవై ప్రశ్నలకు ఇరవై ఐదులు నూరు. నూరు మార్కులు! పాపకు తెలివి లేక కాదు, నిద్ర లేక పోయిన మార్కులు అవి.

అప్పుడు ఒక నోటు పుస్తకం కొనమన్నాను. దానికి తప్పుల పుస్తకం అని పేరు పెట్టాం. రోజూ చేసిన తప్పులన్నీ అందులో రాయాలి. పక్కన కారణం రాయాలి. కారణాలు మూడే. ఒకటి, తెలియక. రెండు, తొందరలో. మూడు, చదివి మరచిపోయి. తెలియకపోతే పాఠం మళ్ళీ చదవాలి. తొందరైతే ప్రశ్న రెండుసార్లు చదవాలి. మరచిపోతే ఆ పాఠాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పాలి.

మరుపు అందరికీ ఉంటుంది. మీకూ తెలుసు. అక్షరాలు నేర్చుకున్న కొత్తలో నాలుగు రోజులు పలక పట్టకపోతే ఏమైంది? 'ఘ' ఏదో, 'ఝ' ఏదో గుర్తు రాలేదు కదా. పెద్ద చదువైనా అంతే. ఇవాళ చదివింది రేపు ఒకసారి చూడాలి. మూడో రోజు చూడాలి. వారానికి ఒకసారి చూడాలి. నెలకు మరోసారి చూడాలి. అప్పుడు నాటుకుంటుంది.

ఇంకో సంగతి. పుస్తకం తెరిచి పదిసార్లు చదివితే వచ్చేసినట్టే ఉంటుంది. అది మోసం. పుస్తకం మూసి, చదివింది చెప్పాలి. బొమ్మ గీయాలి. అప్పుడే వచ్చిందో రాలేదో తెలుస్తుంది.

ఆ ఇంటి దినచర్య

రెండో ఏడు పాప ఇంటి దగ్గరే ఉండి చదువుకుంది. పాత పుస్తకాలు తెచ్చుకుంది. ఒక కాగితం మీద రోజు మొత్తం రాసుకుని గోడకు అంటించింది. తల్లి ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదివింది. ఇదుగో అది:

పొద్దున్న 5 గంటలకు లేవడం. 7 దాకా భౌతికశాస్త్రం లెక్కలు. కష్టమైన పని ముందు చేయాలి.

7 నుంచి 8 దాకా స్నానం, టిఫిను, వాకిలి ఊడవడం.

8 నుంచి 12 దాకా జీవశాస్త్రం, రసాయనశాస్త్రం. యాభై నిమిషాలు చదువు, పది నిమిషాలు విశ్రాంతి.

12 గంటలకు భోజనం. తరువాత అరగంట నడుం వాల్చడం.

2 నుంచి 5 దాకా పాత ప్రశ్నలు పెట్టుకుని పరీక్ష రాయడం. అసలు పరీక్ష జరిగేది ఆ వేళకే కదా. ఒంటికి అదే అలవాటు చేయాలి.

సాయంత్రం కాలవ గట్టు మీద నడక. తరువాత తప్పుల పుస్తకం.

రాత్రి 8 నుంచి 9 దాకా అమ్మతో చదువు.

10 గంటలకు నిద్ర. తెల్లవారి 5 దాకా ఏడు గంటల నిద్ర, మధ్యాహ్నం అరగంట.

నిద్ర బద్ధకం కాదు. పగలు చదివిందంతా నిద్రలోనే బుర్రలో సర్దుకుంటుంది. కోత కోసిన వరి కుప్ప వేయకుండా పొలంలో వదిలేస్తే ఏమవుతుంది? నిద్ర లేని చదువు కూడా అంతే.

ఫోను మాత్రం తండ్రి దగ్గర ఉండేది. పాఠం వినాలంటే అడిగి తీసుకునేది. అయ్యాక ఇచ్చేసేది. భోజనంలో రోజూ ఏదో ఒక ఆకుకూర ఉండేది. పైన నిమ్మకాయ పిండుకునేది. నిమ్మ పిండితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగడం మానేసింది.

మొదట్లో ఇంటి పని కూడా గొడవైంది. తమ్ముడు కాళ్ళు చాపుకుని కూర్చుంటే నీళ్ళ బిందె పాపే మొయ్యాలి. తల్లి ఒకరోజు కొడుకుతో అంది, "ఒరేయ్, బిందె నువ్వు తేరా. అక్కకు పరీక్ష ఉంది." అప్పటి నుంచి వాడే తెచ్చాడు. వాడి చేతులేం అరగలేదు.

గుండెకు నాలుగు గదులెందుకు?

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. రాత్రి 8 నుంచి 9 దాకా అమ్మతో చదువు అన్నాను కదా. అదేంటి?

నేనే ఆ తల్లికి చెప్పాను. "పుస్తకం నువ్వు పట్టుకో. పైన ఉన్న పేరు చదివి ప్రశ్న అడుగు. జవాబు అమ్మాయి చెబుతుంది" అన్నాను. ఆవిడ భయపడింది. "నాకు పెద్ద మాటలు రావండీ. ఒత్తులు దగ్గర ఆగిపోతాను" అంది. "ఆగు. ఆగితే ఏం పోయింది? అమ్మాయే కాసేపు ఆగుతుంది" అన్నాను.

మొదటి రోజు తెలుగు మీడియం పుస్తకం తీసింది. వేలు పెట్టి చదివింది. "హృ... ద... యం. హృదయం. హృదయం అంటే గుండె కదే?" అంది. పాప చకచకా అప్పజెప్పింది. గుండెలో నాలుగు గదులు అంది. రెండు పైన, రెండు కింద అంది.

తల్లి మధ్యలో ఆపింది. "ఉండవే. ఉండేది ఒక్క గుండె. నాలుగు గదులు ఎందుకు?"

పాప నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఎన్నోసార్లు బట్టీ పట్టింది గానీ, ఎందుకు అని అడిగిన వాళ్ళు లేరు. ఆలోచించి నెమ్మదిగా చెప్పింది. "అమ్మా, ఒళ్ళంతా తిరిగి వచ్చిన చెడు రక్తం గుండె కుడి పక్కకు వస్తుంది. అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకు పోయి గాలి కలుపుకుని శుభ్రపడుతుంది. శుభ్రమైన రక్తం ఎడమ పక్కకు వచ్చి మళ్ళీ ఒళ్ళంతటికీ పోతుంది. ఆ రెండూ కలవకూడదు. అందుకని మధ్యలో గోడ."

తల్లి కాసేపు చూసి అంది, "ఓహో! మన సాగు కాలవా, మురుగు కాలవా లాగానా? రెండూ కలిస్తే చేను పాడైపోదూ?"

ఆ రోజు తరువాత పాప గుండె పాఠం మరచిపోలేదు. చూశారా! తల్లి జవాబు చెప్పలేదు. ప్రశ్న అడిగింది. ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పగలిగితేనే మనకు వచ్చినట్టు. అమ్మకు అర్థమయ్యేలా చెప్పిన పిల్ల పరీక్షలో తడబడదు.

తల్లికీ లాభం కలిగింది. ఒక రాత్రి బోదకాలు పాఠం వచ్చింది. ఆ పురుగు దోమకాటుతో ఒంట్లోకి వస్తుందని పాప చెప్పింది. కాలు వాచేదాకా చాలా ఏళ్ళు ఏమీ తెలియదని చెప్పింది. వాచాక మాత్రతో కాలు మామూలుగా కాదని కూడా చెప్పింది. తల్లి లేచి వెళ్ళి పోపుల డబ్బా వెనక నుంచి మాత్రలు తీసింది. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి ఇచ్చినవి అవి. "నాకేం జబ్బు లేదు కదా అని దాచానే" అంది. మర్నాడు నర్సమ్మను అడిగి, అన్నం తిన్నాక ఆమె ముందే వేసుకుంది.

భీమవరం అబ్బాయి

ఆ మాత్రకు ఒక కథ ఉంది. అది కూడా ఒక తల్లీబిడ్డల కథే.

మన ముదినేపల్లి రోడ్డు పట్టుకుని తూర్పుకు పోతే కైకలూరు, ఆకివీడు దాటి భీమవరం వస్తుంది. ఆ భీమవరంలో 1895లో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. చిన్నప్పుడు చదువు మీద మనసు లేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. తల్లి వెంకమ్మ వెతికించి వెనక్కి తెచ్చింది. తరువాత తండ్రి పోయాడు. తల్లి నగలు అమ్మి చదివించింది. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు పోయింది. మూడోసారి ప్యాసయ్యాడు.

మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ గదికి వెళ్ళాడు. తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. పట్టా ఇవ్వలేదు. అంతకన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. ఆ రోజుల్లోనే ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు.

ఆయన అమెరికా వెళ్ళాడు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలి పని. తరువాత గొప్ప పరిశోధకుడయ్యాడు. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందం ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ జబ్బుకు కూడా అది మందే. బోదకాలు మాత్ర కూడా ఆయన బృందం కనిపెట్టిందే. 1948లో, 53 ఏళ్ళకే చనిపోయాడు.

కడుపుతో ఉన్నప్పుడు నర్సమ్మ మనకు ఎర్ర మాత్రలు ఇస్తుంది. 180 రోజులు వేసుకోమంటుంది. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మెట్రిక్ రెండుసార్లు తప్పిన కుర్రాడి చెయ్యి ఆ మందు వెనక ఉంది. ఆ కుర్రాణ్ణి వదలని వెంకమ్మ చెయ్యి కూడా ఉంది.

రెండో ఫలితం

పాప రెండోసారి పరీక్ష రాసింది. ఈసారి మధ్యాహ్నం నిద్ర రాలేదు. ఇరవై తొందర తప్పులు ఆరుకు తగ్గాయి. ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు వచ్చింది. తల్లి కమ్మలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. ఆవిడకు ఆ దిగులేమీ లేదు.

అయితే ఇంకో నిజం కూడా చెప్పాలి. పాపతో పాటు ఇంకో అమ్మాయి నా దగ్గర చదివింది. అంతే కష్టపడింది. ఆమెకు సీటు రాలేదు. నర్సింగులో చేరింది. ఇప్పుడు ఆసుపత్రిలో పసిబిడ్డల వార్డులో పని చేస్తోంది. రాసేవాళ్ళు లక్షల్లో ఉంటారు. సీట్లు కొన్నే ఉంటాయి. సీటు రాని పిల్ల చేతగాని పిల్ల కాదు. ఆ అమ్మాయి నేర్చిన చదువు వృథా కాలేదు. రోజూ ఎన్నో ప్రాణాలకు కాపలా కాస్తోంది.

మనం చేయగలిగినవి

కాబట్టి అమ్మలారా, మనం ఏం చేయాలి?

రోజుకు ఒక గంట బిడ్డ పుస్తకం మనం పట్టుకుందాం. అర్థం కాకపోతే "ఎందుకు?" అని అడుగుదాం.

బిడ్డ నిద్రను, తిండిని కాపాడుదాం. రక్త పరీక్ష చేయిద్దాం.

ఇంటి పని ఆడపిల్ల ఒక్కదాని మీదే వేయకుండా పంచుదాం.

హాస్టల్లో ఉన్న బిడ్డను "మార్కులెన్ని?" అని అడిగే ముందు "తిన్నావా? నిద్రపోయావా?" అని అడుగుదాం.

పరీక్ష పోతే బిడ్డ పక్కన కూర్చుందాం.

ఇవేవీ డబ్బుతో అయ్యే పనులు కావు. మీరు నేర్చిన అక్షరాలు చాలు. సంతకం పెట్టడంతో ఆ అక్షరాల పని అయిపోలేదు. ఇవాళ ఇంటికి వెళ్ళాక మీ బిడ్డ పుస్తకం ఒకటి తీయండి. వేలు పెట్టి ఒక మాట చదవండి. ఒత్తు దగ్గర ఆగితే సిగ్గుపడకండి. బిడ్డ చెబుతుంది. మీరు నేర్చుకుంటారు. బిడ్డా నేర్చుకుంటుంది.



కలిసి మాట్లాడుకోండి

1. పాపకు మొదటిసారి సీటు ఎందుకు రాలేదు?
2. తెలిసిన జవాబు తప్పు పెడితే ఎన్ని మార్కుల నష్టం? పది తప్పులకు ఎంత?
3. మీ ఇంట్లో నీళ్ళ బిందె ఎవరు తెస్తారు?
4. మీ బిడ్డ పుస్తకంలోంచి ఒక కొత్త మాట చదివి ఇక్కడ రాయండి.